కథలో షాక్ ట్రీట్‌మెంట్: ఎంత కల్పన, ఎంత నిజం?

ప్రశ్న: నేను బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కొంతకాలంగా ఆన్‌లైన్‌లో ఒక తెలుగు సీరియల్ రాస్తున్నాను. ఆస్తి కోసం భర్త, అత్తగారు కలిసి కథానాయికకి పిచ్చి అని ముద్ర వేసి ఈ ఊళ్ళోనే ఒక ఆస్పత్రిలో చేర్పిస్తారు. వచ్చే భాగంలో ఆమెకి షాక్ ట్రీట్‌మెంట్ ఇస్తారు. నలుగురు వార్డుబాయ్‌లు కాళ్ళూ చేతులూ అదిమి పట్టుకుంటారు, ఆమె కేకలు పెడుతూ ఉండగానే కరెంటు పెడతారు, ఒళ్ళు ఎగిరెగిరి పడుతుంది. ఆ తర్వాత కన్నకూతుర్ని కూడా గుర్తుపట్టదు. డ్రాఫ్టుని మదనపల్లెలో ఉండే మా పిన్నికి పంపాను. నేనేం రాసినా మొదట చదివేది ఆవిడే. కొన్నేళ్ళ కిందట తిండి మానేసి మంచం పట్టేంత డిప్రెషన్ వస్తే ఆవిడకి బెంగళూరులోనే ఈ చికిత్స చేయించారు, కోలుకుంది. చదివి ఒక్కటే అడిగింది: “ఇది చదివాక మన వైపు ఎవరైనా తమ మనిషిని ఆ ఆస్పత్రి గడప ఎక్కనిస్తారా?” అప్పట్నించీ సరిగ్గా మాట్లాడటం లేదు. కథంటే కల్పనే కదండీ? పైగా మా తాతగారి తమ్ముడికి ఆ రోజుల్లో నిజంగా అలాగే పట్టుకుని కరెంటు పెట్టారని ఇంట్లో చెప్పుకుంటారు. అదీ నిజమే కదా? ఆరోగ్యశాఖ కరపత్రంలా రాయడం నావల్ల కాదు. “ఇది కేవలం కల్పితం” అని పైన ఒక మాట పెడితే సరిపోదా?

సమాధానం: నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ సీను మీరు అనుకున్నట్టు రాయకండి. రాయకపోతే కథ చప్పబడిపోతుందన్న భయం కూడా పెట్టుకోకండి. అయితే మీ ఉత్తరంలో రెండు మూడు ప్రశ్నలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, వాటిని విడదీసి చెప్పాలి.

కల్పనకి స్వేచ్ఛ ఉండాలి. అందులో నాకు రెండో మాట లేదు. మన సినిమా కోర్టుల్లో జడ్జిగారు “ఆర్డర్ ఆర్డర్” అంటూ సుత్తితో బల్ల మీద కొడుతుంటారు. మన దేశపు కోర్టుల్లో ఆ సుత్తి వాడరు. అయినా ఆ సీను చూసి ఎవరికీ ఏ హానీ జరగలేదు, జరగదు. అదే, పాము కరిచిన చోట హీరో నోరు పెట్టి విషం పీల్చి ఉమ్మేసే సీను తీసుకోండి. అది చూసి పెరిగినవాళ్ళు పొలంగట్టు మీద కాటు తిన్న మనిషికి అదే చేస్తారు. బ్లేడుతో కోస్తారు, రక్తం ఆడకుండా తాడు బిగిస్తారు. విరుగుడు సూది ఉన్న ఆస్పత్రికి చేరాల్సిన సమయం అక్కడే కరిగిపోతుంది. ఫిట్స్ వచ్చినవాళ్ళ చేతిలో తాళాలగుత్తి పెట్టడం, పళ్ళ మధ్య చెంచా దూర్చడం కూడా అంతే. కథలో తప్పులు దొర్లుతాయి, ఎంత పెద్ద రచయితకైనా దొర్లుతాయి. ఆ తప్పు వల్ల నష్టపోయేది ఎవరు అన్నదే నేను చూస్తాను.

మీ సీను రెండో కోవలోది. పైగా దీనికి ఇంకో చిక్కుంది. గుండె ఆపరేషన్ చేయించుకున్న పెద్దాయన చొక్కా గుండీలు విప్పి మచ్చ చూపించి మరీ చెప్తాడు. మోకాలి చిప్ప మార్పించుకున్న అత్తయ్య వచ్చినవాళ్ళందరికీ నడిచి చూపిస్తుంది. కరెంటు పెట్టించుకున్నవాళ్ళు మన పక్కవాటాలో ఉన్నా మనకి తెలియదు. పిల్లల సంబంధాలు చెడతాయనీ, ఆఫీసులో చిన్నచూపు చూస్తారనీ నోరు విప్పరు. నయమైనవాళ్ళు మౌనంగా ఉండిపోతారు కాబట్టి ఆ తలుపు వెనక ఏం జరుగుతుందో మనకి చెప్పేది సినిమా ఒక్కటే. ఆ సినిమా చూపించేది ఎప్పుడూ ఒకటే సీను, మీరు రాయబోతున్న సీను. దానికి ఎదురు చెప్పే గొంతు లేనిచోట మీరు ఇంకోసారి అదే చెప్తే అది కథలా మిగలదు, సమాచారంలా పాఠకుల మనసులో కూర్చుంటుంది.

“ఈ ఊళ్ళోనే ఒక ఆస్పత్రి” అన్నారు. పేరు పెట్టకపోయినా హిందూపురం, కదిరి, మదనపల్లె వైపు పాఠకులకి తట్టేది హోసూరు రోడ్డు మీది నిమ్హాన్సే. మైసూరు సంస్థానం నాటి మానసిక ఆస్పత్రినీ, 1954లో వచ్చిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థనీ కలిపి 1974లో నిమ్హాన్స్ చేశారు. అప్పట్నించీ రాయలసీమ ఇళ్ళలో మనిషి మాట్లాడటం మానేసినా, ఊరికే నవ్వుతున్నా, ఉరి తాడు కోసం వెతికినా చివరికి ఎవరో ఒకరు “బెంగళూరు తీసుకుపోండి” అంటారు. తెల్లవారుజామున బస్సు దిగి ఓపీ చీటీ కోసం నిలబడ్డ వరసలో తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. మీ పిన్నిగారి ప్రశ్న ఆ బస్సు ఎక్కాలా వద్దా అని తర్జనభర్జన పడే ఇంటి గురించి.

ఇక ఆ గదిలో జరిగేది. ఇది మీరు వివరంగా తెలుసుకోవాలి, ఎందుకంటే మీ కథకి కావలసిన సరుకంతా ఇక్కడే ఉంది. ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినకూడదు, పొద్దున నీళ్ళూ ముట్టకూడదు. తలంటుకుని రావాలి, జుట్టుకి నూనె ఉండకూడదు. గాజులు, చెవులవి, ముక్కుపుడక, పెట్టుడుపళ్ళు ఉంటే అవీ తీసేసి తోడు వచ్చినవాళ్ళ చేతికిస్తారు. చేతికి సూది పెడతారు. మత్తు డాక్టరు మందు ఎక్కిస్తే మనిషి నిద్రలోకి జారుకుంటుంది. ఆ తర్వాతే కండరాలు సడలే మందు ఇస్తారు. పళ్ళూ నాలుకా దెబ్బ తినకుండా నోట్లో రబ్బరు పెడతారు, ఆక్సిజన్ అందిస్తారు. కణతల దగ్గర పెట్టిన పలకల ద్వారా కొన్ని సెకన్లు కరెంటు పోతుంది. దానివల్ల మెదడులో ఫిట్ వస్తుంది, సాధారణంగా అది నిమిషం లోపే ఆగిపోతుంది. చికిత్స ఆ ఫిట్‌తోనే. కరెంటు దాన్ని తెప్పించడానికి మాత్రమే.

బయట నుంచి చూస్తే ఏముంటుంది? దాదాపు ఏమీ ఉండదు. కనురెప్పలు అదరొచ్చు, వేళ్ళు కొద్దిగా కదలొచ్చు. ఒక చెయ్యికో కాలికో ముందే బీపీ పట్టీ బిగించి ఉంచుతారు, సడలింపు మందు ఆ ఒక్క చోటికి చేరకుండా. ఫిట్ వచ్చిందా లేదా అని డాక్టరు చూసేది ఆ పాదమో అరచెయ్యో కొట్టుకోవడాన్ని బట్టి, పక్కన మెదడు తరంగాల గీతల్ని బట్టి. శరీరమంతా నిశ్చలంగా ఉండి ఒక్క పాదం మాత్రమే కొట్టుకోవడం! అక్కడ నిలబడ్డ నర్సు కళ్ళతో ఆ పాదాన్ని మీరు రాయండి. నలుగురు వార్డుబాయ్‌ల సీను మేమందరం ఇదివరకే చూశాం, ఈ పాదాన్ని మాకు ఎవరూ చూపించలేదు.

కొద్ది నిమిషాల్లో మెలకువ వస్తుంది. అయోమయంగా ఉంటుంది. ఎక్కడున్నానని అడుగుతారు, తలనొప్పి అంటారు, దవడలు లాగుతున్నాయంటారు. కాసేపయ్యాక ఏదైనా తినిపిస్తారు. ఇది వారానికి రెండు మూడుసార్లు, మొత్తం ఆరు నుంచి పన్నెండుసార్లు జరగొచ్చు. ఎవరికి? జ్వరం వచ్చినవాళ్ళకి బిళ్ళ ఇచ్చినట్టు ఎవరికిపడితే వాళ్ళకి కాదు. మందులకి లొంగని తీవ్రమైన డిప్రెషన్, అన్నం నీళ్ళు మానేసిన స్థితి, చచ్చిపోవాలన్న తలంపు క్షణం వదలని స్థితి, మనిషి బొమ్మలా బిగుసుకుపోయి ఉలుకూ పలుకూ లేని కెటటోనియా, ఇలాంటివాటికి. ఇలాంటి రోగుల్లో సగం మందికి పైగా గుణం కనిపిస్తుంది, మందులకన్నా త్వరగా కనిపిస్తుంది. మీ కథలో చికిత్స తర్వాత ఆమె బొమ్మైపోతుంది. నిజజీవితంలో బొమ్మలా ఉన్న మనిషిని తీసుకొస్తారు, ఆమె లేచి కాఫీ అడుగుతుంది. మీరు సరిగ్గా తలకిందులుగా రాశారు.

మీ తాతగారి తమ్ముడి సంగతి. అది నిజం, దాన్ని ఎవరూ కాదనకూడదు. 1938లో రోమ్‌లో చెర్లెట్టి, బిని అనే ఇద్దరు డాక్టర్లు ఈ చికిత్స మొదలుపెట్టినప్పుడు మత్తూ లేదు, సడలింపూ లేదు. ఒళ్ళంతా వచ్చే ఆ ఫిట్‌కి వెన్నుపూసలు చిట్లిన సందర్భాలున్నాయి. చేతులూ కాళ్ళూ పట్టుకోవడం కూడా చాలాచోట్ల ఎముకలు విరగకుండా, కీళ్ళు జారకుండా ఉండటానికే. మత్తు, సడలింపు మందులు వచ్చాక కూడా మత్తు డాక్టరు దొరకని చోట్ల మన దేశంలో చాలా ఏళ్ళు పాత పద్ధతే నడిచింది. కొన్ని దేశాల పెద్ద పెద్ద ఆస్పత్రుల్లో మాట వినని రోగుల్ని లొంగదీయడానికి దీన్ని శిక్షలా వాడిన చరిత్రా ఉంది. భయం గాల్లోంచి పుట్టలేదు. కాబట్టి మీ కథ 1970లలో జరుగుతుంటే, ఆ పెద్దాయన అనుభవాన్ని ఉన్నదున్నట్టు రాయండి. ఒక్క కేకా తగ్గించకండి. ఆయనకి ఏం జరిగిందో ఆ ఇంట్లో సగం సగం గుసగుసల్లో చెప్పుకున్నదాన్ని మీరు పూర్తిగా చెప్పగలిగితే అది గొప్ప పని. కానీ మీ నాయిక చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంది, ఆమె మెట్రో ఎక్కుతుంది. ఆమెకి ఆయన కాలం నాటి చికిత్స ఇప్పించడం కుదరదు.

ఎందుకంటే ఇప్పుడు చట్టం ఉంది. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉంచిన మానసిక రోగులు పాకకి నిప్పంటుకుని కదల్లేక కాలిపోయారు, 28 మంది చనిపోయారు. అది దేశాన్ని కుదిపేసింది. 2017లో వచ్చి 2018 మే నుంచి అమలవుతున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగుల్ని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. మత్తు, కండరాల సడలింపు మందు లేకుండా ఈ కరెంటు చికిత్స ఇవ్వడాన్నీ నిషేధించింది. అత్యవసరం పేరు చెప్పి ఇవ్వడానికి వీల్లేదంది. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకైతే సంరక్షకుల సమ్మతితో పాటు మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు ముందస్తు అనుమతి లేకుండా ఇవ్వకూడదు.

చట్టం ఉన్నంతమాత్రాన అందరూ పాటిస్తారా అని మీరు అడగొచ్చు. అడగాలి కూడా. పాటించని నర్సింగ్‌హోమ్‌ని మీరు కథలో పెట్టొచ్చు, నేను అడ్డం చెప్పను. కాకపోతే అక్కడ జరిగేది నేరమని కథకి తెలిసి ఉండాలి. ఎవరో ఒక నర్సుకి చేతులు వణకాలి, మత్తు డాక్టరు సంతకం లేని కేస్‌షీటు ఎవరి కంటైనా పడాలి, రాత్రిపూట తలుపు మూసి చేస్తున్నారని పాఠకురాలికి అర్థం కావాలి. “షాక్ ట్రీట్‌మెంట్ అంటే ఇంతే” అన్నట్టు రాసినప్పుడే అది అబద్ధం అవుతుంది.

ఇప్పుడు మీ కథలోకి వస్తాను. కథలు సరిదిద్దే పని చాలాకాలంగా చేస్తున్నదాన్ని కాబట్టి ఈ చొరవ తీసుకుంటున్నాను. మీ నాయికని ఆమె ఇష్టం లేకుండా చేర్చాలంటే అత్తగారు ఆటో మాట్లాడితే చాలదు. ఆమె నామినేటెడ్ ప్రతినిధి, అంటే చికిత్స విషయాల్లో ఆమె తరఫున నిలబడే మనిషి, దరఖాస్తు పెట్టాలి. ఒక సైకియాట్రిస్టు, ఇంకొక డాక్టరో మానసిక ఆరోగ్య నిపుణుడో ఆమెని విడివిడిగా పరీక్షించాలి. ఆమె స్త్రీ కాబట్టి చేర్చిన మూడు రోజుల్లో బోర్డుకి తెలియజేయాలి. బోర్డుకి ఆమె స్వయంగా మొర పెట్టుకోవచ్చు. ఆ ప్రతినిధి ఎవరో ముందే ఒక తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి ఉంచుకునే హక్కు కూడా ఆమెకి ఉంది. ఆ కాగితం మీద భర్త పేరు కాకుండా పాత స్నేహితురాలి పేరు ఉంటే? ఆ కాగితం బీరువాలో చీరల కింద ఉంటే? దాని కోసం ఇద్దరు వెతుకుతుంటే? వార్డుబాయ్‌లు మీకు ఒక్క సీను ఇచ్చారు, ఈ కాగితం నాలుగు భాగాలు నడిపిస్తుంది.

ఇంకా పెద్దది జ్ఞాపకం. ఈ చికిత్సలో నిజమైన నష్టం అక్కడే ఉంది, మీ పిన్నిగారికీ కొంత అనుభవమై ఉండొచ్చు. చికిత్స నడిచిన వారాల సంగతులు చాలామందికి చెదిరిపోతాయి. కొందరికి అంతకుముందు కొన్ని నెలలవీ పోతాయి, అందులో కొన్ని మళ్ళీ రావు. కన్నకూతురు ఎవరో తెలియకుండా పోయే మనిషి నాకు కథల్లోనే కనిపించింది. ఆ కూతురి స్కూలు వార్షికోత్సవానికి తాను వెళ్ళానన్న సంగతి గుర్తులేని తల్లి మాత్రం ఉంటుంది. ఆ తల్లి బాధ మీ బొమ్మ బాధకన్నా లోతైనది, ఎందుకంటే ఆమెకి తెలివి ఉంది, లోటు తెలుస్తోంది.

అత్తింటివాళ్ళు దీన్ని ఎలా వాడుకుంటారో ఆలోచించండి. ఆమెకి నిజంగానే జబ్బు చేసింది, నిజంగానే చికిత్స అవసరమైంది, డాక్టరు నిజాయితీగానే చేశాడు, ఆమె కోలుకుని ఇంటికొచ్చింది. అప్పుడు భర్త ఒక దస్తావేజు తీసి ముందు పెడతాడు. “ఇల్లు నా పేర రాశావుగా, ఆస్పత్రికి పోయేముందు నువ్వే సంతకం పెట్టావు. నీకు గుర్తుండదులే.” ఆమె పెట్టిందా? పెట్టలేదా? ఆమెకే తెలియదు. ఆమె నోరు తెరిస్తే “మతిస్థిమితం లేనిది” అంటారు. అదే చట్టం మూడో సెక్షన్లో, కోర్టు తేల్చి చెబితే తప్ప మానసిక జబ్బు ఉన్నంతమాత్రాన మతిస్థిమితం లేనట్టు కాదని రాసి ఉంది. ఆ వాక్యాన్ని పట్టుకుని ఆమె నిలబడాలి. ఇందులో మీ విలన్లు ఇప్పటికన్నా దుర్మార్గులయ్యారు, చికిత్స మీద ఒక్క అబద్ధం పడలేదు. నిజం కథకి అడ్డొస్తుందని మీరు భయపడ్డారు. చూడండి, కథ ఎక్కడ ముదిరిందో.

ఇదంతా చదివి మీరు రెండో వైపు ఒరిగిపోతారేమోనని కూడా నాకు దిగులుగా ఉంది. పిన్నిగారిని సంతోషపెట్టడానికి చికిత్సని పువ్వులా చూపించకండి. తలనొప్పీ లేదు, మరుపూ లేదు, ఆరుసార్లకి అంతా హాయి అని రాస్తే అదీ మోసమే. ఆ కథ నమ్మి వెళ్ళిన మనిషి తన చెల్లెలి పెళ్ళి గుర్తులేక కూలబడితే ఆ కోపం చికిత్స మీదికే పోతుంది. చికిత్స ఆపాక మందులు సరిగ్గా వాడకపోతే జబ్బు తిరగబెట్టడం మామూలే. పని చెయ్యనివాళ్ళూ ఉన్నారు. ఇంకెప్పుడూ ఆ గదికి రానని ఖచ్చితంగా చెప్పేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ మాటా వినాలి. మీ పిన్నిగారి అనుభవం ఒక్కరి అనుభవం. వీలైతే బాగుపడనివాళ్ళతో కూడా, వాళ్ళు ఇష్టపడితేనే, మాట్లాడండి. ఒక మత్తు డాక్టరుతో ఒక సాయంత్రం కూర్చోండి, సైకియాట్రిస్టు మర్చిపోయే వివరాలు వాళ్ళ దగ్గర ఉంటాయి. వార్డులోకి తొంగిచూడటానికి మాత్రం వెళ్ళకండి. రోగులు మీ కథకి సామగ్రి కారు.

పిన్నిగారి విషయంలో ఒక మాట. మీ కథ ఎలా నడవాలో శాసించే అధికారం ఆవిడకి లేదు, ఆవిడా అడగలేదు. ఆవిడ బాధ నాకు వేరే చోట కనిపిస్తోంది. ఆవిడకి ఏం జరిగిందో తెలిసిన ఇంటి మనిషే, వాళ్ళూ వీళ్ళూ చెప్పుకునే సీనుని ఎత్తి రాసింది. తెలియనివాళ్ళు రాస్తే ఆవిడ పేజీ తిప్పేసేది. ఫోన్‌లో సంజాయిషీలు చెప్పకుండా ఒక శనివారం మదనపల్లె వెళ్ళండి. ఆవిడకి గుర్తున్నది అడగండి, గుర్తులేనిది బాబాయిగారిని అడగండి. అందులో ఏది కథలో వాడుకోవచ్చో ఆవిడ చేతే చెప్పించుకోండి. ఊరు, వయసు, చీర రంగు దగ్గర్నించి అన్నీ మార్చండి, మదనపల్లెలో ఏ ఒక్కరూ “ఇది ఫలానావిడ కథ” అని వేలెత్తి చూపకూడదు. ఈ వారం భాగం ఆపేయండి, ఆలస్యమవుతుందని పాఠకులకి ఒక వాక్యం రాస్తే చాలు.

“కేవలం కల్పితం” అన్న మాట కావాలంటే పెట్టుకోండి. పాత్రలు ఎవరినీ ఉద్దేశించినవి కావని చెప్పడానికి అది పనికొస్తుంది. అంతకుమించి పని చెయ్యదు. నాలుగు నెలల తర్వాత ఎవరి అన్నయ్యో అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకున్నప్పుడు, డాక్టరు ఈ చికిత్స పేరెత్తినప్పుడు, ఆ ఇంట్లోవాళ్ళకి మీ సీను గుర్తొస్తుంది, దాని పైన మీరు రాసిన హెచ్చరిక గుర్తు రాదు. ఎలాగూ పైన ఒక మాట పెడతానంటున్నారు కాబట్టి 14416 పెట్టండి. అది కేంద్ర ప్రభుత్వపు టెలిమానస్ నంబరు, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.